తమ్ముడి మాత్ర

కత్తెర మళ్ళీ జారింది. ఈసారి కాలిమీద పడలేదు, అంతవరకు నయం. వర్క్‌షాపు సూపర్‌వైజరు ఇంకేమీ అడగకుండా కటింగమ్మని బండెక్కించి ఇంటికి పంపేశాడు. భోజనాల వేళకి కటింగమ్మ తన తల్లి వంటింట్లో ఉంది. కుర్చీ ఉంది, కూర్చోలేదు. ఆ కాస్త చోటులోనే అటూ ఇటూ నడుస్తోంది.

"కూర్చోవే పెద్దదానా," అంది తల్లి.

"కూర్చుంటే కాళ్ళు ఊరుకోవట్లేదమ్మా. నిలబడితే ఒళ్ళంతా కొయ్యబారిపోతోంది. నా చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో."

తల్లి చూడలేదు. అన్నం గిన్నె మీద మూత సర్దింది.

పెళ్ళికి ముందునుంచీ ఆమెది అదే వర్క్‌షాపు. స్కూలు యూనిఫారాల గుడ్డ పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీత గీసి, ఆగకుండా కోసుకుపోతే కాలర్లన్నీ ఒక్క కొలతన వచ్చేవి. కటింగమ్మ అని పేరు పెట్టింది బొత్తాలు కుట్టే అమ్మాయిలు. ముద్దుగానే పెట్టారు. ఇప్పుడు ఆ అమ్మాయిలే తన గీతలు చెరిపేసి వేలెడు పక్కకి గీస్తున్నారని ఆమె నమ్మకం. మిషన్ల చప్పుడులో తన గురించే చెప్పుకుంటారట. "ఇప్పుడు లేచింది, ఇప్పుడు నీళ్ళు తాగింది" అంటూ పూసగుచ్చినట్టు చెప్పుకుంటారట. కొన్నాళ్ళనుంచి తాగేవాటిలో ఏదో కలుపుతున్నారు కూడానట.

అందుకే బయట చుక్క నీళ్ళు ముట్టదు. మేడమీద తన వాటాలో వండుకోవడం కూడా మానేసింది. కింద వాటాలో తల్లి వండిందే తింటుంది. తల్లి పెట్టిన టీనే ఫ్లాస్కులో పోసుకుని పనికి వెళ్తుంది. ఈ లోకంలో ఆమెకి నమ్మకమైన చెయ్యి అదొక్కటే మిగిలింది.

కబురు తెలిసి మొగుడు కూడా వచ్చాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. షాపు వదిలేసి వచ్చిన చిరాకు మొహం మీదే ఉంది. భోజనం చేస్తున్న బావమరిది పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బావమరిదిని నలభై దాటినా ఇంట్లో చిన్నోడే అంటారు.

"చూశారుగా నా చేతులు," అంది కటింగమ్మ. "నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తే ఒక్కరూ వినలేదు. నాకు ఏదో కలుపుతున్నారు."

"ఎవరు కలుపుతారే? బయట ఏదీ ముట్టవు. మీ అమ్మ చేతి అన్నం, మీ అమ్మ చేతి టీ. అంటే అత్తయ్యగారే కలుపుతున్నారా?"

ఎత్తిపొడుపుగానే అన్నాడు పాపం. అందులో ఇంకే ఉద్దేశమూ లేదు.

కటింగమ్మ నడక ఆపింది. "మా అమ్మని అన్నారంటే మర్యాదగా ఉండదు. నేను కళ్ళు మూసుకుని తాగేది ఆవిడ చేతిది ఒక్కటే. అది కూడా లేకుండా చేద్దామనా?"

తల్లి వెళ్ళి పొయ్యి మంట తగ్గించింది. దానిమీద గిన్నె లేదు.

చిన్నోడు ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగి, ముందు అక్క కాళ్ళకేసి చూశాడు. తర్వాత అమ్మ చేతులకేసి చూశాడు. తర్వాత కంచంలోకి చూసుకుంటూ కూర్చున్నాడు.

కటింగమ్మ మేడమీదకి వెళ్ళాక అల్లుడు అత్తగారిని వసారాలోకి పిలిచి గొంతు తగ్గించాడు. ఇంక తన వల్ల కాదన్నాడు. రేపు పొద్దున్నే ఆసుపత్రి బండి వస్తుందనీ, ఇద్దరు మనుషులు కూడా వస్తారనీ, తను మాట్లాడేశాననీ చెప్పాడు.

"చెప్పి తీసుకెళ్ళొచ్చు కదా బాబూ," అంది ఆవిడ.

"ఎన్నిసార్లు చెప్పానో మీకు తెలీదా? నాకేం జబ్బు అంటుంది. చిన్నోడికి చేసినట్టే చేద్దాం అత్తయ్యగారూ. వేరే దారి లేదు."

చిన్నోడికి చేసినట్టే. ఆ మాట విన్నాక ఆవిడ కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

చిన్నోడికి పందొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. కాలేజీ మానేశాడు. స్నానం మానేశాడు. నవ్వూ ఏడుపూ కూడా మానేసి, తలుపేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. బతిమాలారు, తిట్టారు, ఒకసారి తండ్రి కొట్టాడు కూడా. చివరికి ఇద్దరు మనుషులు వచ్చి, దుప్పట్లో చుట్టి, మెట్లమీదనుంచి కిందికి దించారు. ఇరుగుపొరుగు చూశారు. ఇరవై రెండేళ్ళ అక్క కూడా ఆ మెట్లమీదే నిలబడి చూసింది. ఇల్లన్నాక కష్టాలు వస్తాయి, పోతాయి. ఆ దుప్పటి మాత్రం ఆ ఇంట్లోంచి పోలేదు.

అప్పటినుంచి వాళ్ళు ఆ మనసు జబ్బుని పేరుపెట్టి పిలవరు. "అది" అంటారు. "అది వచ్చాక", "అది తగ్గాక", అంతే. మందులు పడ్డాయి, చిన్నోడు లేచాడు, ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపులో మధ్యాహ్నాలు పనికి కుదిరాడు. "అది" అంటే ఏమిటో తమకి తెలిసినంత ఎవరికీ తెలీదనుకున్నారు ఆ ఇంటివాళ్ళు.

అక్కడే కొంప మునిగింది. కటింగమ్మ మొదటిసారి సుద్దగీతల సంగతి చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ ఒకే మాట అన్నారు. "ఇది అది కాదులే." ఎలా అవుతుంది? ఆమె మూల పడుకోలేదు. బట్టల మడత నలగనివ్వదు, వేళకి పనికి వెళ్తుంది, జోకేస్తే నవ్వుతుంది, సినిమాలో ఏడుస్తుంది. మగవాడికి వచ్చినప్పుడు ఎలా ఉందో చూశారు కాబట్టి, ఎవరికొచ్చినా అలాగే ఉంటుందనుకున్నారు. వయసు అన్నారు. నెలసరి ఆగిపోయే ఈడులో ఆడవాళ్ళకి ఉండే చిరాకు అన్నారు. మొగుడైతే ఓ ఏడాదిపాటు దాన్ని నవ్వులాట చేశాడు. ఆ జబ్బంటే ఏమిటో తెలియని ఇల్లయి ఉంటే, ఈపాటికి ఎవరో ఒకరు భయపడి డాక్టరుకి చూపించేవారు. తెలిసిన ఇల్లు గనక ధీమాగా కూర్చుంది.

అల్లుడు వెళ్ళిపోయాక తల్లి వచ్చి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. మేడమీద అడుగుల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. చిన్నోడు కంచం తెచ్చి తొట్టిలో పెట్టాడు కానీ కదలలేదు.

"ఆ కాళ్ళు నాకు తెలుసమ్మా," అన్నాడు.

"ఏ కాళ్ళు?"

"అక్కవి. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో నాకూ అలాగే ఉండేది. ఒళ్ళు బిగుసుకుపోతుంది, కాళ్ళు మాత్రం పరిగెత్తు పరిగెత్తు అంటాయి. అది జబ్బు కాదు. మందు."

ఆవిడ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

"ఎప్పటినుంచి వేస్తున్నావు?"

కాసేపు నీళ్ళు నమిలింది. ఏం వేస్తున్నానురా అంది. కొళాయి కట్టేసింది, మళ్ళీ తిప్పింది. చివరికి కొడుకు మొహంలోకి చూడకుండానే, కిందటి నెలనుంచి అని చెప్పింది. పొడి చేసి టీలో కలుపుతోందట. చిన్నోడి మందులచీటీ మీదే ఎక్కువ తెప్పించిందట.

"ఎంత?"

"నీకెంతో దానికీ అంతే."

పండు కోసినా, బట్టలు కొన్నా, ఆ ఇద్దరు పిల్లల మధ్య ఎప్పుడూ వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి. మందు దగ్గర కూడా రానివ్వలేదు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు, ఒకే రక్తం, వాడికి పనిచేసిన మాత్ర దీనికెందుకు చేయదు అనుకుందట. చెప్తూ చెప్తూ ఆవిడే ఏడ్చేసింది.

"అందరూ అది కాదులే అంటుంటే నాకు మాత్రం తెలిసిపోయిందిరా. ఓ రోజు నా పక్కన కూర్చుని, అమ్మా ఫ్యాను పెద్దది చెయ్యి, వాళ్ళు వింటారు అంది. నువ్వూ అదే అనేవాడివి. అక్షరం తేడా లేదు."

"మరి డాక్టరమ్మకి చెప్పాల్సింది."

"చెప్తే ఏం చేస్తారు? దాన్ని కూడా దుప్పట్లో చుడతారు. మీ బావ రేపు పొద్దున్నకే బండి మాట్లాడేశాడు. నేను ఇంకోసారి చూడలేను."

చిన్నోడు వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడకి చేరబడ్డాడు. తనని చుట్టిన దుప్పటి అమ్మని కూడా ఇన్నాళ్ళూ చుట్టుకునే ఉందని అతనికి ఆ క్షణందాకా తట్టలేదు.

ఆ పొద్దున అతను తన నెలవారీ చూపుకి వెళ్ళొచ్చాడు. అక్క సంగతి అడగాలని ఉంది, చెప్పడానికి నోరు రాలేదు. స్నేహితుడి అక్కకి ఇలా ఉందండీ అన్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, ఆ స్నేహితుడు తన మందులు సరిగ్గా వేసుకుంటున్నాడా అని అడిగింది. ఆ తర్వాత తొందరపడకుండా చాలాసేపు చెప్పింది. అదంతా ఇప్పుడు అమ్మ ముందు పెట్టాడు.

మగవాళ్ళకి ఎక్కువగా ఇరవై ఏళ్ళ ఈడులో మొదలవుతుందట. ఆడవాళ్ళలో చాలామందికి ఆలస్యంగా వస్తుందట. కొందరికైతే నెలసరి ఆగే ఈడులో, అంతకాలం ఒంట్లో కాపు కాసిన ఆడవాళ్ళ హార్మోను తగ్గిపోతూ ఉండగా వస్తుందని అనుకుంటున్నారట. మగవాళ్ళు చాలామంది ముడుచుకుపోతారు, మాట పోతుంది, మొహంలో కళ పోతుంది. ఆడవాళ్ళలో చాలామందికి మాట పోదు, నవ్వు పోదు, నలుగురితో నడిచే తీరు పోదు. లోపల భయమూ, అనుమానమూ, మాటలు వినబడటమూ మాత్రం ఉంటాయి. బయటికి అంత బాగుంటారు కాబట్టే అందరూ ఏదో దిగులనో వయసనో అనుకుని రోజులు గడిపేస్తారు. అందరూ ఇలాగే అని గీత గీయకూడదని కూడా చెప్పింది.

"నా మాత్రలే ఆమెకీ సరిపోతాయా అని మందు సంగతి కూడా అడిగాను. నాకిప్పుడు ఇచ్చేది ఏళ్ళ తరబడి చూసుకుంటూ పెంచిన మోతాదట. కొత్తగా మొదలుపెట్టే మనిషికి, అందులో ఆడమనిషికి, చాలా తక్కువతో మొదలుపెడతారట. కొన్ని మందులు వాళ్ళ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయట, నెలసరిని కూడా తారుమారు చేస్తాయట. అవన్నీ అడిగి, చూసి ఇస్తారు. పండు కోసినట్టు పంచేది కాదమ్మా అది."

తల్లి తడిచేతులు అలాగే పట్టుకుని నిలబడింది. మేడమీద అడుగులు అటునుంచి ఇటు వచ్చాయి.

"టీలో కలుపుతున్నారంటే భ్రమ అన్నాం," అన్నాడు చిన్నోడు. "అక్క చెప్పినవాటిలో అదొక్కటే నిజం."

ఆవిడ పీట లాక్కుని కూర్చుంది. ఇప్పుడు ఆపేస్తానంది. ఎవరికీ చెప్పకుండా ఆపేస్తే సరిపోతుంది కదా అంది. సరిపోదన్నాడు. రేపు ఆ బండిలో ఎక్కిస్తే, ఒంట్లో ఏ మందుందో తెలియకుండా వాళ్ళు దానిమీద ఇంకోటి ఎక్కిస్తారు. అదొక్కటే కాదు. మెట్లమీద మోసుకుంటూ దించితే అక్క ఆ డాక్టర్ని జన్మలో నమ్మదు. ఆ దుప్పటిని క్షమించడానికి తనకి ఎన్నేళ్ళు పట్టిందో అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పాడు.

"నేనే కలిపానని చెప్తే, రేపటినుంచి నా చేతిది కూడా ముట్టదు," అంది తల్లి. "అప్పుడు ఎవరి చేతిది తింటుంది?"

చిన్నోడు ఆ రోజుకి పని మానేసి, చొక్కా వేసుకుని బావగారి షాపుకి వెళ్ళాడు.

బావగారు విప్పిన ఫ్రిజ్ ముందు కూర్చుని అంతా విన్నాడు. మొదట నమ్మలేదు. తర్వాత అత్తగారిని ఏదో అనబోయి ఆగిపోయాడు. మధ్యాహ్నం వంటింట్లో తను నోరు జారి అన్నమాటే నిజమని తెలిసేసరికి మనిషి డీలా పడిపోయాడు. ఎట్టకేలకు ఒక్క మాట ఇచ్చాడు. రేపు పొద్దునకల్లా ఆమె తన కాళ్ళమీద తను నడిచి డాక్టరు దగ్గరికి వస్తానంటే బండి వద్దని చెప్పేస్తాడు. అనకపోతే తను ఆపలేడు.

సాయంత్రం కటింగమ్మ కిందికి దిగింది. తల్లి టీ పెట్టి రెండు గ్లాసుల్లో పోసింది. చిన్నోడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కటింగమ్మ ఎప్పటిలాగే చూసుకోకుండా గ్లాసు అందుకుని నోటిదాకా తీసుకెళ్ళింది. ఆ నమ్మకం చూసి తల్లి గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు," అంది. "ఇందులో ఏమీ లేదు. ఇన్నాళ్ళూ తాగినదాంట్లో ఉంది."

"ఏముంది?"

"తమ్ముడి మాత్ర. పొడి చేసి కలిపాను. నేనే."

గ్లాసు బల్లమీద పెట్టింది కటింగమ్మ. నిదానంగా పెట్టింది, చుక్క ఒలకలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల కింద కాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

"అయితే నేను చెప్పింది నిజమే."

"నిజమే తల్లీ."

"మీరందరూ కలిసి నాకు జబ్బన్నారు."

"జబ్బు కూడా ఉంది. రెండూ నిజమే. నేను కలపడం నా తప్పు, దానికి నువ్వేం చేసినా పడతాను. కానీ ఆ గీతలు ఎవరూ చెరపట్లేదమ్మా. ఆ మాటలు నీకొక్కదానికే వినిపిస్తున్నాయి. నీకు భయం వేస్తోందని నాకు తెలుసు. ఆ భయానికే మందు వేద్దామనుకున్నాను. దొంగతనంగా వేశాను."

ఇంత మాట ఆవిడ తన జన్మలో ఎప్పుడూ ఒక్కసారిగా మాట్లాడలేదు. మాట్లాడేసి, తిట్టు కోసం, దెబ్బ కోసం, గ్లాసు గోడకి కొట్టే చప్పుడు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఏదైనా ఫరవాలేదనుకుంది.

కటింగమ్మ లేచి వెళ్ళి కిటికీ రెక్కలు మూసింది. వెనక్కి వచ్చి తల్లి పక్కన కూర్చుని, గొంతు బాగా తగ్గించింది.

"నీకెవరు చెప్పారమ్మా, కలపమని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే."

"అలా చెప్పమన్నారా?"

గుమ్మం దగ్గర చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు.

"పిచ్చి అమ్మా," అంది కటింగమ్మ. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నీ అంతట నువ్వు నాకు అలాంటి పని చేస్తావా? నా కోసం ప్రాణం పెట్టే మనిషివి. నీచేత చేయిస్తున్నారు. బొత్తాల అమ్మాయిలు నీదాకా వచ్చేశారన్నమాట. ఎంత బెదిరిపోయి ఉంటావో, ఇన్నాళ్ళూ ఒక్కదానివే."

కటింగమ్మ చెయ్యి చాచి తల్లి కళ్ళు తుడిచింది. చేతులు వణుకుతున్నాయి కాబట్టి తుడవడం సరిగ్గా రాలేదు, మళ్ళీ తుడిచింది. తర్వాత తమ్ముడివైపు తిరిగింది.

"ఒరేయ్, నువ్వు వెళ్ళే డాక్టరమ్మ మంచిదేనా?"

"మంచిదే అక్కా."

"కసురుకోదు కదా?"

"ఎప్పుడూ కసురుకోలేదు."

"అయితే రేపు పొద్దున్నే అమ్మని తీసుకెళ్దాం. నేనూ వస్తాను. ఇలా వదిలేస్తే అమ్మ ఏమైపోతుందో."

చిన్నోడు నోరు తెరిచాడు. తల్లి అతనివైపు ఒక్క చూపు చూసింది. వద్దని కాదు, మాట్లాడమనీ కాదు. ఇప్పుడే ఇంత కష్టపడి ఒక నిజం చెప్పిన మనిషి, అంతలోనే దాన్ని వదిలేసుకోవాలా అని కొడుకునే అడుగుతున్నట్టుంది. అతనికీ తెలీదు. అవునంటే అక్క రేపు తన కాళ్ళమీద తను మెట్లు దిగుతుంది. కాదంటే ఇద్దరు మనుషులు దించుతారు.

"వెళ్దామా అమ్మా?" అని మళ్ళీ అడిగింది కటింగమ్మ. "భయపడకు. నీ చెయ్యి పట్టుకుని నేను పక్కనే కూర్చుంటాను. ఆవిడ అడిగినవన్నీ దాచకుండా చెప్పాలి. తెలిసిందా?"

తల్లి తలూపింది.

"మాత్ర ఇస్తే వేసుకోవాలి."

"వేసుకుంటాను," అంది తల్లి. "నాతోపాటు నువ్వూ వేసుకుంటావా?"